పడుకోబెట్టిన బండిలో మడిచీర

1998 మార్చిలో నన్ను సింగపూరు ఉత్తరపు కొసన వుడ్‌ల్యాండ్స్ దగ్గరున్న నిల్వ యార్డుకు కీపరుగా వేశారు. అంతవరకూ అదే కంపెనీలో తుడుపు పనిలో ఉండేదాన్ని. యార్డులో హోదాలు మూడే. పైన టౌకే, అంటే యజమాని, లిమ్ గారు. మధ్యలో కీపరు. కింద బళ్లు తోసి వరసల్లో పెట్టే పనివాళ్లు. కీపరుకి నీలం చొక్కా, నడుముకి తాళాల గుత్తి ఇచ్చేవారు. నేను చదివింది అయిదో తరగతి. మా ఆయన జొహోరు రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగువాడు, షిప్‌యార్డులో పని. ఆయన్ని చేసుకుని తుని నుంచి వచ్చాక నా మాట సగం తెలుగు, మిగతా సగం తమిళమూ మలయూ అయింది. యార్డు పనికి ఆ కలగాపులగమే అక్కరకొచ్చింది.

యార్డులో ఏముండేవి అంటే, చక్రాల మీద పడవలు, తిరునాళ్లలో తినుబండారాలు అమ్మే బళ్లు, ఒక మూల వరసలో కేరవాన్లు. కేరవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్జు అన్నీ అందులోనే ఉంటాయి. సింగపూరు ఈ కొసనుంచి ఆ కొసకి గంటలో అయిపోతుంది కదా, ఇక్కడ ఇదెవరికి అని మీరు అడగొచ్చు. వుడ్‌ల్యాండ్స్ వంతెన దాటితే మలేసియా అంతా ముందుంది. సెలవులకి అటు పోయేవాళ్లు, తిరిగొచ్చాక బండిని ఎక్కడ పెట్టాలో తెలియక మా దగ్గరికి తెచ్చేవారు. ఫ్లాట్ల కింద కారు పార్కింగులో దాన్ని ఉంచనివ్వరు, రోడ్డు పక్కన అసలే ఉంచనివ్వరు. మా యార్డు కాదంటే ఇక అమ్ముకోవడమే.

ప్రయాణానికీ ప్రయాణానికీ మధ్య బండిని నిలవ పెట్టడాన్ని మావాళ్లు లే-అప్ అనేవారు. నేను పడుకోబెట్టడం అనేదాన్ని. నిజంగా పసిపిల్లని పడుకోబెట్టినట్టే ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి వదలకూడదు, నెలల తరబడి ఉంటే బ్రేకు చెక్కలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. నాలుగు మూలలా ఉన్న ఇనప కాళ్లు దింపాలి. ముక్కు కొంచెం పైకెత్తి ఉంచితే వాన నీళ్లు కప్పు మీద నిలవవు. గ్యాసు బండ తీసేయాలి, నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి కుళాయిలు తెరిచే వదలాలి. ఫ్రిజ్జు తలుపు మూయకూడదు. పరుపులు గోడకి ఆనకుండా నిలబెట్టాలి. తినేది ఒక్క బియ్యం గింజ కూడా ఉండకూడదు, ఉంటే చీమలు మొదలుకుని పందికొక్కుల దాకా అందరికీ కబురు వెళుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కప్పు మీదా గోడలకీ ఉన్న గాలి కంతలు మూయకూడదు. సింగపూరు గాలిలో నీళ్లుంటాయి. మూసిన పెట్టెలో ఆ నీళ్లు ఎక్కడికీ పోలేవు. అందుకే వారానికోసారి ఎండ కాసిన రోజున ప్రతి బండీ తలుపు తీసి, లోపల తిరిగి, తుడిచి మూయడం నా పని. దానికోసం తాళం మా ఆఫీసు బోర్డు మీద ఉండాలి. అది రూలు.

ఆ రోజుల్లో కంప్యూటర్ల హోరు మొదలైంది. తంజోంగ్ పగార్ ఆఫీసుల్లోకి హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ మనవాళ్లు దిగుతున్నారు. వాళ్లలో ఫణికుమార్ ఒకడు. హౌగాంగ్‌లో ఫ్లాటు, భార్య, తల్లి. 1999 మొదట్లో ఊరికి వెళ్లిపోతున్న ఒక ఆస్ట్రేలియా ఆయన దగ్గర పాత కేరవాన్ కొని మా యార్డులో చేర్చాడు. ఆఫీసులో స్నేహితులు ఏడిపించారట, ఒరేయ్, ఇల్లు కొంటావనుకుంటే ఇంటికి చక్రాలు కొన్నావేమిట్రా అని.

ఎందుకు కొన్నాడో నాకు చెప్పాడు. వాళ్లమ్మ కామేశ్వరమ్మ గారు అమలాపురం వైపు మనిషి, భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఆవిడకి మడి. తెల్లారే స్నానం చేసి, ఎవరూ ముట్టుకోని ఆరిన చీర కట్టుకుని, తన పొయ్యి మీద తను వండుకున్నదే తింటుంది. ఆ మడిలో ఉన్నంతసేపూ కొడుకైనా సరే ముట్టుకోకూడదు. ఒకసారి మలక్కా తీసుకెళ్తే రెండు రోజులూ అరటిపళ్లూ అటుకులూ తిని కళ్లు తిరిగి పడిందట. అప్పటినుంచి ఎక్కడికి రమ్మన్నా, మీరు వెళ్లిరండి నాయనా, నేను ఇల్లు చూసుకుంటాను అనేది. వంటిల్లు కూడా వెంట వస్తే అమ్మ కూడా వస్తుంది కదా అని ఫణి లెక్క. నేను అంతకు ముందు చూసిన కేరవాన్లన్నీ చేపలు పట్టడానికీ, బీరు తాగడానికీ కొన్నవే. మడి కోసం కొన్న కేరవాన్ అదొక్కటే.

మార్చి సెలవుల్లో ఒక చిన్న ప్రయాణం బాగానే అయింది. జూన్ సెలవుల్లో తూర్పు సముద్రం ఒడ్డున వారం రోజులు ఉండి వచ్చారు. ఆ తిరుగు రోజున పెద్దావిడ కూడా యార్డుకి వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో గొడుగు.

నేను అలవాటు కొద్దీ ఆంటీ అన్నాను.

"ఆంటీ గీంటీ ఏమిటే? తెలుగుదానివేగా? పిన్నిగారూ అను."

"అలాగేనండి పిన్నిగారూ. ఒకసారి లోపలికెళ్లి సూసొస్తానండి."

"ఎందుకూ?"

"బండిని పడుకోబెట్టాలంటే లోపల సూడాలండి. మా రూలు."

"నా వంటిల్లు నువ్వు చూడ్డమేమిటే? ఫణి చూశాడు. వాణ్ణే గుమ్మం దగ్గరుంచి చూడమన్నాను. అంతా శుభ్రంగానే ఉంది."

తాళం అడిగితే ఆవిడ బొడ్లో దోపుకుంది. వంటింటి తాళం పరాయి చేతికిస్తారుటే అంది. నాకేమీ అనిపించలేదా అంటే, కొంచెం అనిపించింది. కానీ కన్నకొడుకునే గుమ్మంలో ఆపిన మనిషి నన్ను ఆపిందని బాధపడటమెందుకని ఊరుకున్నాను. టౌకేకి చెప్పాను. ఆయన అప్పుడే భోజనం ముందు కూర్చున్నాడు. మూడు వారాల్లో మళ్లీ తీసుకెళ్తామని ఫణి అన్నాడు కదా, ఈసారికి పోనీ లా అని, ఇక్కడివాళ్లు ప్రతి మాట చివరా తగిలించే ఆ 'లా'తో సహా, చెయ్యి ఊపేశాడు.

మూడు వారాల్లో తీసుకెళ్లలేదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలని పొరబడి లెక్కలన్నీ తారుమారు చేస్తాయని అప్పుడు లోకమంతా భయపడుతోంది. ఫణి పని బ్యాంకు కంప్యూటర్లలో ఆ గండం తప్పించడం. వాళ్ల సెక్షన్‌లో జనవరి దాకా ఎవరికీ సెలవు లేదన్నారు. బండి మా మూల వరసలో అలాగే ఉండిపోయింది. బయట నేను చెయ్యగలిగినవన్నీ చేశాను. టైర్లకి ఎండ తగలకుండా గోనెలు కప్పాను, చక్రాలు కాస్త కాస్త తిప్పించాను. లోపలి సంగతి దేవుడికే తెలియాలి.

ఆగస్టులో చైనావాళ్ల ఏడో నెల వచ్చింది. పితృలోకం తలుపులు తెరుచుకుని, దిక్కులేని ఆత్మలన్నీ ఆకలితో తిరిగే నెల అని వాళ్ల నమ్మకం. రోడ్ల పక్కన అగరొత్తులు గుచ్చుతారు, పళ్లూ అన్నమూ పెడతారు, కాగితపు డబ్బు కాలుస్తారు. ఆ నెలలో మా టౌకే కొత్త పని మొదలుపెట్టడు, గట్టిగా ఈల కూడా వేయనివ్వడు. సరిగ్గా ఆ నెలలో ఒక పొద్దుటిపూట మా కాపలాదారు ఉస్మాన్ పాక్‌చిక్ చెమటలు కారుతూ ఆఫీసులోకి వచ్చాడు. పాక్‌చిక్ అంటే మలయూలో బాబాయి. పెద్ద మీసాలాయన, పామునైనా చేత్తో పట్టేవాడు.

"రత్నం, మూల బండిలో హంతు ఉంది," అన్నాడు. హంతు అంటే దెయ్యం.

"పొద్దున్నే హంతేటి పాక్‌చిక్, టీ తాగేవా లేదా?"

"తాగాను. తెల్ల బట్టలో ఆడమనిషి. కాళ్లు లేవు. వేలాడుతోంది."

వెళ్లి చూశాను. బండి కిటికీ అద్దాలకి లోపలి వైపున ఆవిరి పట్టి ఉంది. దాని వెనక పైనుంచి కింది దాకా తెల్లగా పొడుగ్గా ఏదో ఉంది. వాన మబ్బు కదిలి వెలుగు మారినప్పుడల్లా అదీ కదిలినట్టే ఉంది. నేనూ రెండడుగులు వెనక్కి వేసిన మాట నిజం. తరవాత దాని అంచు కనబడింది, సన్నటి నీలం గీత. నవ్వొచ్చింది. మా అమ్మ తునిలో ఒక బ్రాహ్మల ఇంట్లో అంట్లు తోమేది. వాళ్ల పెరట్లో అందనంత ఎత్తున దండెం మీద కర్రతో ఆరేసిన చీరలు చూస్తూ పెరిగాను. ఎవరి చెయ్యీ తగలకుండా ఆరాలి కాబట్టి అంత ఎత్తు. ఈ కేరవాన్ కప్పుకి ఉన్న కడ్డీ మీద కామేశ్వరమ్మ గారు సరిగ్గా అలాగే ఆరేసి తాళం వేసుకెళ్లింది. మళ్లీ ప్రయాణానికి మడిచీర సిద్ధంగా ఉంటుందని.

నాకు భయం పోయింది గానీ ఇంకెవరికీ పోలేదు. చీర అని నేను ఎంత చెప్పినా, చీరే అయితే లోపలికెళ్లి తీసిరా అన్నారు. తాళం లేదు. తాళం లేని బండిలో తెల్ల చీర ఏడో నెలలో వేలాడుతుంటే అది చీర ఎందుకవుతుంది? పనివాళ్లు ఆ వరసలోకి అడుగే పెట్టం అనేశారు. పక్క బండి యజమాని వచ్చి, వాసన కూడా వస్తోంది అని ఇంకో మాట కలిపాడు. అదీ నిజమే. బండి తలుపు సందులోంచి తడి గోనె వాసన వస్తోంది.

టౌకే నన్ను పిలిచి, "శనివారానికి ఆ బండి యార్డులో ఉండకూడదు. నో డిస్కషన్ లా," అన్నాడు.

నేను ఫణికి ఫోన్ చేశాను.

"ఆంటీ, ప్లీజ్, ఇప్పుడు సెలవంటే నా ప్రాజెక్టు మేనేజరు నన్నే తీసేస్తాడు," అన్నాడు. "బయటికి పంపితే ఎక్కడ పెట్టను? సెకండ్‌హ్యాండ్ వాడికి ఇచ్చెయ్యాలి. మా అమ్మ సముద్రం చూసొచ్చినప్పటి నుంచీ, ఈసారి మలేసియా కొండలూ తేయాకు తోటలూ చూస్తాను నాయనా అంటోంది. ఆవిడంతట ఆవిడ ఏదైనా అడగడం నేను పుట్టాక ఇదే మొదలు."

నేను చెయ్యాల్సింది తెలిసిపోయింది. కొడుకుతో కాదు, తల్లితోనే మాట్లాడాలి. హౌగాంగ్ ఇంటికి చేశాను.

"పిన్నిగారూ, యార్డు నుంచి రత్నాన్నండి. మీ బండిలో సీరేటైనా ఆరేసేరా?"

"ఆరేశాను. నా మడిచీర. ఏం, నువ్వు గానీ ముట్టుకున్నావా?"

"తాళం మీకాడుంటే నేనెలా ముట్టుకుంటానండి!"

"మరి నీకెలా తెలిసిందీ?"

"కిటికీలోంచి అందరికీ కనబడతందండి. దెయ్యం అనుకుని ఇక్కడ పన్లు మానేసేరు."

"దెయ్యమా? ఎవరూ, నేనా?"

"మీరు కాదండి, సీర."

శనివారం లోపల బండి తీసెయ్యమన్నారని కూడా చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. కోడలు ఆఫీసులో ఉంది, పక్క ఫ్లాటు చైనా ఆవిడ చేత టాక్సీ పిలిపించుకుంటాను, చిరునామా మెల్లిగా చెప్పు అంది.

ఫోన్ పెట్టి బయటికి వచ్చి చూద్దును కదా, టౌకే అప్పటికే కామేశ్వరమ్మ గారి బండి గుమ్మం ముందు నైవేద్యం పెట్టించేశాడు. బండి పోయేలోగా లోపలున్న ఆవిడకి కోపం రాకూడదని ఆయన జాగ్రత్త. ఎర్ర గుడ్డ పరిచి దాని మీద బత్తాయిలు, తెల్ల బన్నులు, మూడు చిన్న కప్పుల్లో టీ, మధ్యలో పళ్లెంలో ఉడకబెట్టిన నిండు కోడి. తలకాయతో సహా. ముందర డబ్బాలో మూడు అగరొత్తులు అప్పుడే వెలిగించారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉల్లిపాయ కూడా తినని మనిషి. ఆవిడ మడి వంటింటి గుమ్మంలో కోడి.

"టౌకే, ఈ కోడిని ఒక్క నిమిషం అవతల పెడదామా?" అన్నాను.

"కెనాట్ లా. అగరొత్తులు కాలేదాకా ఏదీ కదపకూడదు. నీకు తెలీదా?"

తెలుసు. అందుకే ఇంకో ఉపాయం పన్నాను. పెద్దావిడ రాగానే ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోబెట్టి, కొబ్బరినీళ్లు ఇచ్చి, తుని కబుర్లన్నీ చెప్పాలి. ఆలోగా అగరొత్తులు కాలిపోతాయి. పాక్‌చిక్‌ని కొబ్బరిబోండం కోసం పరిగెత్తించాను కూడా. కానీ టాక్సీవాడు గేటు దగ్గర ఆపకుండా నేరుగా మూల వరస దాకా తీసుకొచ్చి దింపాడు. ఆవిడ చేయి చూపించిందట, అదిగో నా బండి అని. నేను గసపెట్టుకుంటూ వెళ్లేసరికి ఆవిడ గొడుగు మూసి, కోడికి ఎదురుగా నిలబడి ఉంది.

"ఇదేమిటే రత్నం?"

"నైవేద్యమండి పిన్నిగారూ."

"ఎవరికీ?"

నేను కిటికీ చూపించాను. ఆవిడ కిటికీ చూసింది. కోడిని చూసింది. మళ్లీ కిటికీ చూసింది.

"నా చీరకా? నా నేతచీరకి కోడి పెట్టారా!"

ఇక నవ్వు మొదలుపెట్టింది. పక్కనున్న పడవ బండి ఇనప దూలం మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఇన్నేళ్లు మడి కట్టానే. నాకు ఒక్కడూ ఒక్క బత్తాయి పెట్టిన పాపాన పోలేదు. చీరకి పెట్టారే తల్లీ!"

ఆవిడ నవ్వు చూసి నాకూ ఆగలేదు. టౌకే ముఖం మాడిపోయింది. ఎందుకు నవ్వుతోంది, పూజ ముందు నవ్వు ఏమిటి, ఈ నెలలో ఇలాంటివి చెయ్యకూడదు అని నన్ను గద్దించాడు. అది ఆవిడకి తెలుగులో చెప్పాను.

ఆవిడ టక్కున ఆగిపోయింది. "పూజ జరుగుతోందా? అయ్యో, తప్పు తప్పు," అని లెంపలేసుకుంది. "ఆ ఒత్తులు కొండెక్కేదాకా తలుపు తియ్యకూడదు. పూజ మధ్యలో లేపితే మహాపాపం. ఆగుదాం."

ఎండలో గొడుగు వేసుకుని అలాగే నిలబడింది. కోడి వైపు చూడలేదు గానీ పక్కకీ తప్పుకోలేదు. టౌకేకి నేను చెప్పాను, పూజ అయ్యేదాకా ఆవిడే ఆగుదామంటోంది అని. ఆయన కాసేపు ఆవిణ్ణే చూశాడు. ఆవిడ కూడా రోజూ పూజ చేసే మనిషేనా అని అడిగాడు. రోజూ, తెల్లారకముందే స్నానం చేసి అన్నాను. ఆయన ఆఫీసులోకి వెళ్లి తన ప్లాస్టిక్ స్టూలు తనే మోసుకొచ్చి ఆవిడ వెనక పెట్టాడు. యార్డులో మేము ఆయన్ని ఏదైనా మోస్తూ చూడటం అదే మొదలు.

అగరొత్తులు కాలాక టౌకే తన చేత్తోనే కోడీ పళ్లూ తీశాడు. పెద్దావిడ నా చేత బకెట్టుతో నీళ్లు తెప్పించి గుమ్మం మీద చల్లింది. బొడ్లోంచి తాళం తీసి తలుపు తెరిచింది.

వాసన ముందు వచ్చింది. తరవాత లోపల కనబడింది. పరుపులకి ఆకుపచ్చ మఖమల్ కప్పినట్టు బూజు. చెక్క బీరువా తలుపుల మీద నల్లటి చుక్కలు. కప్పు కంతల్లో పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి, బల్లులు వంటలో పడతాయని. పొయ్యి పక్కన ఇత్తడి బిందె నిండా నీళ్లు, ఖాళీ బిందె వంటింట్లో ఉంచకూడదని. మధ్యలో చీర. ఆవిడ దాని అంచు పట్టుకుని చూసింది.

"ఇంకా తడిగానే ఉందే," అంది, ఎవరితోనో కాదు, తనలో తను.

వెనక నుంచి తొంగిచూసిన పనివాళ్లు అది చీరే అని తెలుసుకుని పాక్‌చిక్‌ని ఆటపట్టించడం మొదలుపెట్టారు. నేను హంతు అనలేదు, హంతులా ఉంది అన్నాను అని ఆయన వాదించాడు. దెయ్యం సంగతి అక్కడితో తేలిపోయింది. కానీ టౌకే బూజు చూశాడు. అది దెయ్యం కన్నా చెడ్డది. ఒక బండిలో పుడితే పక్క బళ్ల పరుపులకీ, గుడ్డ కప్పులకీ పాకుతుంది. ఆయన ఈసారి కోపంగా కాకుండా, స్టూలు తెచ్చిన మర్యాదతోనే చెప్పాడు: తాళం యార్డులో ఉండాలి, రత్నం వారం వారం లోపలికి వెళ్లాలి. ఇష్టమైతే బండి ఉంటుంది, లేకపోతే శనివారం మాట శనివారమే.

నేను అదంతా తెలుగులో చెప్పాను. ఆవిడ గుమ్మం మెట్టు మీద కూర్చుంది. నవ్వు మొహం లేదు.

"వారం వారం మనుషులు తొక్కి తిరిగితే అది మడి వంటిల్లు ఎలా అవుతుందే? అది లేకపోతే నేను ఎక్కడికీ వెళ్లలేను. వెళ్లకపోతే మాత్రం ఏం, ఇన్నాళ్లూ వెళ్లానా?" అంది. ఆ చివరి మాట ఆవిడ నోటితో అన్నది గానీ కళ్లు తేయాకు తోటల దగ్గరే ఉన్నాయని నాకు తెలుస్తోంది.

నేను మా రూలు మొదటినుంచీ చెప్పుకుంటూ వచ్చాను. "గ్యాసు బండ తీసేస్తామండి. నీళ్లు ఒంపేస్తామండి. గిన్నెలూ, తినేవీ ఒక్కటీ ఉండనివ్వమండి."

"గిన్నెలు కూడానా?"

"ఉంటే సీమలు పడతాయండి."

"మరి లోపల ఏం మిగులుతుంది?"

"పెట్టె, పరుపులు, చక్రాలు అండి."

"పొయ్యి?"

"అది ఉంటాదండి. నాలుగు మరలతో బిగించేరు. ఇప్పితే వచ్చెత్తాది."

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. "ఓసి నీ దుంపతెగా, ఈ మాట ముందే చెప్పొద్దుటే? పొయ్యీ గిన్నెలూ నాతో ఇంటికి వచ్చేస్తే ఇంక ఇది వంటిల్లెలా అవుతుంది? బస్సు. బస్సులో ఎవరైనా ఎక్కొచ్చు. నేను మళ్లీ ఎక్కేరోజున కడుక్కుని పసుపునీళ్లు చల్లుకుని పొయ్యి పెట్టుకుంటాను. అప్పుడు మళ్లీ వంటిల్లు."

టౌకేకి చెప్తే ఆయనకి మొత్తం అర్థం కాలేదు గానీ, పొయ్యి ఇంటికి, తాళం ఆఫీసుకి అనేసరికి సరే లా అన్నాడు.

ఆవిడ తాళం నా అరచేతికి జానెడు ఎత్తున పట్టుకుంది. మడి మనుషులు ఏదైనా ఇచ్చేటప్పుడు పైనుంచి వదులుతారు, చెయ్యి తగలకుండా. వదలబోయి ఆగి, "ఇవాళ మడిలో లేనుగా, అలవాటు," అని నా చేతిలో పెట్టింది.

ఆ వారమంతా బండి బాగుచేయడంలో గడిచింది. గుడ్డలు తీసేసి కంతలు తెరిచాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, వెనిగర్ కలిపిన నీళ్లతో గోడలూ బీరువాలూ తుడిచాను. బూజుని పొడిగా దులపకూడదు, దులిపితే గాలిలోకి లేచి ఇంకో చోట కూర్చుంటుంది. తడిగుడ్డతోనే ఎత్తాలి. పరుపుల తొడుగులు విప్పి ఉతికి, పరుపుల్ని ఎండలో అటూ ఇటూ తిప్పాను. రెండు పనికిరాక పారేయాల్సి వచ్చింది. బీరువాల్లో బొగ్గుల బుట్టలు పెట్టాను, తేమ లాగడానికి. ఆదివారం ఫణి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి పొయ్యి మరలు విప్పాడు. అది ఒడిలో పెట్టుకుని టాక్సీలో హౌగాంగ్ వెళ్తుంటే పనివాళ్లు చేతులు ఊపారు. అప్పటినుంచి వారం వారం ఆ బండి తలుపు తీశాను. లోపల మళ్లీ బూజు మొహం చూడలేదు.

జనవరి ఒకటిన కంప్యూటర్లకి ఏమీ కాలేదు. ఫణికి అంతకన్నా ముఖ్యం, చైనా కొత్త సంవత్సరానికి సెలవు దొరికింది. బయల్దేరే రోజు తెల్లారే కామేశ్వరమ్మ గారు యార్డుకి వచ్చి, బండి అంతా కడిగించి, పసుపునీళ్లు చల్లి, పొయ్యి బిగించే దాకా అక్కడే నిలబడింది. తిరిగొచ్చిన రోజున నేను అడగకుండానే తాళం నా చేతిలో పెట్టింది. కొండ మీద చలికి చేతులు కొంకర్లు పోయాయనీ, ముక్కలపులుసు కాచి చుట్టుపక్కల కేరవాన్ల వాళ్లకి కూడా పెట్టాననీ, ఒక ఆస్ట్రేలియా ఆవిడ రెండుసార్లు అడిగి పోయించుకుందనీ చెప్పింది. ఆవిడ ఊరికి తిరిగి వెళ్లేలోగా అలాంటి ప్రయాణాలు ఇంకా మూడు చేసింది. ప్రతిసారీ పొయ్యి టాక్సీలో వచ్చేది, టాక్సీలో వెళ్లేది.

నేను తరవాత చాలాకాలం అదే యార్డులో పనిచేశాను. చివరికి కొత్త కీపర్లకి పని నేర్పే హోదా కూడా ఇచ్చారు. వాళ్లకి మొదటి రోజు చక్రాలూ బ్రేకులూ చెప్పేముందు ఒక మాట చెప్పేదాన్ని. బండి చేర్చుకునేటప్పుడు నడిపినవాణ్ణి అడిగితే రోడ్డు సంగతి చెప్తాడు, లోపలి సంగతి చెప్పలేడు. అందులో వండినవాళ్లని పిలిచి అడగండి, ఏం ఉంచుతున్నారు, ఎందుకు ఉంచుతున్నారు అని. కారణం తెలిస్తే ఆ వస్తువుని బండిలోంచి తీసే దారి కూడా వాళ్లే చెప్తారు. తెలుసుకోకుండా రూలు చెప్తే తాళం వాళ్ల దగ్గర ఉండిపోతుంది, బూజు మన దగ్గర ఉండిపోతుంది.